సమాధానం: ఘట్‌కేసర్ దగ్గర పాత పంచాయతీ లేఅవుట్‌లో ఇల్లు

హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ దగ్గర, చెరువు పక్కన ఉన్న ఈ ఇల్లు కొనడానికి అడ్వాన్స్ ఇవ్వొచ్చా అని అడిగారు కదా. ఇప్పుడే ఇవ్వకండి. ఎల్ఆర్ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే ప్రభుత్వ పథకం. 'ఎల్ఆర్ఎస్‌కి 2020లోనే అప్లై చేశాం' అని ఓనర్ చూపించిన 1,000 రూపాయల రసీదు దరఖాస్తు రుసుముది మాత్రమే. ప్లాటు క్రమబద్ధీకరణ పూర్తయినట్టు ప్రొసీడింగ్స్ (అధికారిక ఉత్తర్వు) కాపీ ఉండాలి. అది వచ్చినా ప్లాటుకే వర్తిస్తుంది, ఇంటికి బిల్డింగ్ పర్మిషన్ వేరే. మీకు చెప్పిన ఆ రెండో అంతస్తు ప్లాన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి, నాకు అనుమానం అక్కడే.

పక్కనే చెరువు అన్నారు కదా, సర్వే నంబరు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలం) పరిధిలో పడుతుందేమో హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మ్యాపుల్లో సరిచూడండి. పడితే ధర ఎంత తగ్గించినా వద్దండి. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది) కూడా చూసుకోండి. అన్నీ కుదిరితే, ఎల్ఆర్ఎస్ ఫీజు ఓనరే కట్టాలని అగ్రిమెంట్‌లో రాయించి, బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చాకే డబ్బు ఇవ్వండి.