ఆటలు పాడైంది మెషీన్ వల్ల కాదు, తొందర వల్ల

"పాత ఆర్కేడ్ (బిళ్లలేసి ఆడే ఆటల గది) షూటింగ్ ఆటలు ఇంటి కంప్యూటర్లలోకి వచ్చేసరికి ఎందుకంత అధ్వాన్నంగా తయారయ్యేవి? ఆ మెషీన్లకు శక్తి చాలకనా?" అని అడిగారు. కాదండీ. నూటికి తొంభై పాళ్లు తొందరే కారణం. ఆ దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

నాన్న బ్రిటన్‌లో ప్రభుత్వ డాక్టరు. నా పన్నెండో ఏటి దాకా లాంకషైర్‌లోనే ఉన్నాం. 1988 వేసవిలో బ్లాక్‌పూల్ బీచ్ దగ్గర ఒక ఆర్కేడ్‌లో ఆర్-టైప్ చూశాను. 1987లో ఐరెమ్ అనే జపాన్ కంపెనీ తెచ్చిన అంతరిక్ష ఓడ ఆట. ఫైర్ బటన్ నొక్కి పట్టుకుంటే కింద బీమ్ గీత నిండుతూ పోతుంది, వదిలితే అడ్డొచ్చినదాన్నల్లా చీల్చుకుపోతుంది. ఓడ ముక్కుకి అతుక్కునే ఫోర్స్ అనే గుండ్రటి ఆయుధాన్ని ముందుకి విసరొచ్చు, వెనక తగిలించుకోవచ్చు. మొదటి లెవెల్ చివర డాబ్‌కెరాటాప్స్ అనే రాక్షసుడు. వాడి పొట్టలోంచి ఇంకో తల బయటికొస్తుంది, దాన్నే కొట్టాలి. వాడి దగ్గరికి చేరేసరికి నాన్న ఇచ్చిన పది పెన్నీల బిళ్లలన్నీ అయిపోయాయి.

ఇంట్లో మాది ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464 అనే ఇంటి కంప్యూటర్, కలర్ మానిటర్‌తో. మరుసటి ఏడు పుట్టినరోజుకి అదే ఆట క్యాసెట్ కొనిపించుకున్నాను. డబ్బా వెనక బొమ్మలు రంగురంగులుగా ఉన్నాయి. అవి ఏ మెషీన్ మీద తీసినవో పదకొండేళ్ల పిల్లాడికేం తెలుస్తుంది? టేపు లోడవుతున్నంతసేపూ కుర్చీ కదల్లేదు. ఆట మొదలైంది. తెర మీద నాలుగే రంగులు. ఓడ జారుతున్నట్టు పోవాల్సింది, కుంటుకుంటూ పోతోంది. శత్రువుల తూటాలూ వెనకున్న గోడలూ ఒకే రంగు కావడంతో, ఏది తగిలి చచ్చానో తెలిసేది కాదు. నాన్న కాఫీ కప్పు పట్టుకుని వెనక నిలబడి, "ఏరా, బ్లాక్‌పూల్‌లో ఆడింది ఇదేనా?" అన్నారు. "ఇదే నాన్నా" అన్నాను. గొంతు పట్టేసింది. అన్ని పౌండ్లు పెట్టించానే అన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అసలు సంగతి పెద్దయ్యాక తెలిసింది. 464 దగ్గర 27 రంగులున్నాయి, ఒకేసారి 16 చూపించగలదు. కానీ దాని మెదడు జెడ్80 అనే చిప్పు, స్పెక్ట్రమ్ అనే ఇంకో ఇంటి కంప్యూటర్‌లోనూ అదే. అందుకని చాలామంది స్పెక్ట్రమ్‌కి రాసిన కోడ్‌నే తెచ్చి దీనిమీద దించేసేవారు. తెర మీది బొమ్మకి స్పెక్ట్రమ్‌లో పట్టే మెమరీ మొత్తం 6,912 బైట్లు, 464లో 16 కేబీ, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. చిన్న తెరకి కుట్టిన చొక్కాని పెద్ద ఒంటికి తొడిగితే చిరగదా? నాలుగు రంగుల మోడ్‌లో స్పెక్ట్రమ్ బొమ్మల్ని ఉన్నవున్నట్టు దించితే పని తొందరగా తెమిలిపోతుంది. మా ఆర్-టైప్ అలా వచ్చిందే. ఆ స్పెక్ట్రమ్ వెర్షన్ మాత్రం బాబ్ పేప్ రాసింది, అద్భుతం. 48 కేబీ మెమరీ ఉన్న మెషీన్‌లో అంత చేశాడంటే శక్తి చాలలేదన్న మాట నేనెలా ఒప్పుకుంటాను? కమోడోర్ 64 అనే మరో ఇంటి కంప్యూటర్‌కి ఇదే ఆటని మాన్‌ఫ్రెడ్ ట్రెంజ్ దాదాపు ఆరున్నర వారాల్లో చేశాడంటారు. ఆ మనిషికి ఆరు నెలలిచ్చి ఉంటే!

మెషీన్ నిజంగా చాలని చోటు కూడా ఉంది. టీవీకి తగిలించే ఆటల పెట్టె అటారీ 2600లో ర్యామ్ 128 బైట్లే. అందులో డిఫెండర్ అనే ఆర్కేడ్ ఆట ఆడితే మనం కాల్చినప్పుడల్లా మన ఓడే మాయమవుతుంది! కానీ అదే 2600లో 1980లో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చింది. ఆర్కేడ్‌లో 55 మంది శత్రువులుంటే ఇందులో 36 మందికి కుదించారు. అయినా ఆ భయం, ఆ ఊపు అలాగే ఉన్నాయి. ఏది తీసెయ్యాలో, ఏది ఉంచాలో కూర్చుని ఆలోచించినవాడి పని అది.

ఇంకో బాధ చెప్పాలి. ఇప్పటి యూట్యూబ్ కుర్రాళ్లు ఇవి చూసి "ఆమ్‌స్ట్రాడ్ చెత్త మెషీన్" అని తీర్పిచ్చేస్తారు. వాళ్లు 2012లో ఫ్రాన్స్ అభిమానులు విడుదల చేసిన ఆర్-టైప్ 128కే చూడాలి. అదే సీపీసీ కుటుంబం, అదే జెడ్80. దానికి 128 కేబీ మెమరీ కావాలి కాబట్టి మా 464లో నడవదు, పాత మెషీన్‌ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లోనే ఆడాను. ఆ రాత్రి తూటాలు కనిపించాయి. రెండు గంటలు కూర్చున్నాను. డాబ్‌కెరాటాప్స్‌ని చంపే లేచాను.