అద్భుతం జరగకపోతే విశ్వాసం లేనట్టేనా?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. బైబిలు చేతిలో ఉన్నాక ఇంకా అద్భుతాలు అవసరమా, ప్రార్థించినా స్వస్థత రాకపోతే లోపం మన విశ్వాసానిదేనా అని. రెండోదాంతో మొదలుపెడతాను. నన్ను బాగా తిప్పలు పెట్టింది అదే.

ఒకసారి నా మెడ మీద గడ్డ లేచింది. డాక్టర్ నొక్కి చూసి, ఇన్‌ఫెక్షన్ వల్ల గ్రంథి వాచి ఉంటుందని యాంటీబయాటిక్ రాశారు. అదే వారం సంఘ పెద్దలు నూనె రాసి ప్రార్థన చేశారు. మూడు వారాల్లో గడ్డ కరిగిపోయింది. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. మొదటిసారి ఉత్త గడ్డ అనే చెప్పాను. ఇంకో కూటంలో అది డాక్టర్లకే అంతుపట్టని గడ్డ అయింది. మూడోసారికి క్యాన్సర్ అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. హాలంతా చప్పట్లు. మాత్రల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

రెండేళ్లకు అక్కకి జబ్బు చేసింది. అదే నూనె, అవే చేతులు, అంతకు మించిన ఉపవాసాలు. అక్క దక్కలేదు. సమాధి దగ్గర నుంచి వస్తుంటే ఒకాయన "ఆమెలో ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుంది" అన్నాడు. ఆయన మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అలా మాట్లాడే ధైర్యం ఆయనకు నాలాంటి వాళ్ల సాక్ష్యాలు వినే కదా వచ్చింది!

ఆ తర్వాత చాలాకాలం వాక్యం చదవబుద్ధి కాలేదు. మళ్లీ తెరిచినప్పుడు, ఎప్పుడూ దాటేసి వెళ్లే ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను. రెండవ తిమోతి 4:20. తన సహచరుడు త్రోఫిముకి జబ్బుగా ఉంటే మిలేతు ఊళ్లో విడిచి వచ్చానంటాడు అపొస్తలుడు పౌలు. ఈ త్రోఫిముది ఎఫెసు. అదే ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాలు 19లో ఉంది. గుడ్డతో ఊళ్లో వాళ్లు బాగుపడ్డారు, తన వెంట తిరిగిన మనిషి మాత్రం మంచం మీద ఉండిపోయాడు. పౌలు దీన్ని దాచలేదు, త్రోఫిము విశ్వాసాన్ని ఒక్క మాట కూడా అనలేదు. కడుపు నొప్పి మనిషి తిమోతికేమో కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, అంతే.

ఇక మొదటి ప్రశ్న. అద్భుతాలు ఆగిపోయాయని నేను అనను. కానీ అద్భుతంగా పెట్టిన రొట్టెలు తిని తృప్తి పడ్డారు కాబట్టే నన్ను వెతుకుతున్నారని యేసే జనంతో అన్నాడు. యోహాను కూడా తన సువార్త చివర, ఈ సూచనలు, అంటే యేసు చేసిన అద్భుతాలు, మీరు నమ్మాలని రాశానంటాడు. అంటే చూడనివాళ్ల కోసమే రాశాడు. మనకు అది చాలు. అంతకు మించి జరిగేది దేవుని ఇష్టం. నమ్మినవాళ్లు పాముల్ని పట్టుకున్నా, విషం తాగినా ఏమీ కాదనే మార్కు 16లోని వచనాలు చూపించి ఎవరైనా మిమ్మల్ని రెచ్చగొడితే, అత్యంత పాత గ్రీకు ప్రతులు రెండింటిలో ఆ భాగమే లేదని గుర్తుంచుకోండి.

నేను ప్రొటెస్టెంటునే గానీ, ఒక్క విషయంలో కాథలిక్కుల్ని చూస్తే కాస్త అసూయ. ఫ్రాన్సులోని వాళ్ల పుణ్యక్షేత్రం లూర్దులో స్వస్థత కలిగిందని ఎవరైనా చెబితే డాక్టర్లు కాగితాలన్నీ తిరగేస్తారు. వాడిన మందు వల్లే తగ్గి ఉండొచ్చనిపిస్తే పక్కన పెట్టేస్తారు. అక్కడ నమోదైనవి ఏడు వేలకు పైనే, కాథలిక్ సంఘం అద్భుతమని ఒప్పుకున్నవి డెబ్బై చిల్లర. ఆ లెక్కన నా గడ్డ గుమ్మం కూడా దాటేది కాదు.

యోహాను 9లో యేసు వల్ల చూపు వచ్చిన గుడ్డివాణ్ణి, యూదు మతపెద్దలైన పరిసయ్యులు యేసు గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆయన పాపో కాదో నాకు తెలియదు, నేను గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను, ఈ ఒక్కటీ తెలుసు అంటాడు. తెలిసినంతే చెప్పాడు.

నన్ను ఇప్పటికీ అప్పుడప్పుడు సాక్ష్యం చెప్పమంటారు. గడ్డ గురించే చెబుతాను, యాంటీబయాటిక్‌తో సహా. అక్క గురించి కూడా చెబుతాను. చప్పట్లు తక్కువే పడతాయి. అయిపోయాక ఒకరిద్దరు మాత్రం బయట నాకోసం ఆగి ఉంటారు, ఇంట్లో తగ్గని జబ్బు ఉన్నవాళ్లు.