సూత్రాలన్నీ నోటికి వచ్చినా హోంవర్క్ లెక్కలు ఎందుకు తేలవు?

బి.కాం. మొదటి సంవత్సరంలో ఫైనాన్స్, ఆర్థికశాస్త్రం సూత్రాలన్నీ కంఠస్థం చేసినా, లెక్క ఎదురుకాగానే ఏది వాడాలో తోచడం లేదని మీరు అడిగారు. విశాఖపట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో నాదీ ఇదే అవస్థ. తరువాత ఎం.వి.పి. కాలనీలో కొన్నేళ్లు సాయంత్రాలు ట్యూషన్ చెప్పినప్పుడు నా విద్యార్థులలోనూ ఇదే చూశాను. నేను గమనించినంతవరకు చిక్కంతా లెక్కను చదివే తీరులోనే ఉంటుంది.

ఒకసారి 10,000 రూపాయల అప్పు, ఏడాదికి 24 శాతం వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ, ఏడాది తరువాత ఎంత కట్టాలి అన్న లెక్కలో నేను వార్షిక రేటును అలాగే ఉంచి, కాలం దగ్గర 12 వేసి, 1,32,148 రూపాయలు అని రాసుకువెళ్లాను. అది చూసి మా అమ్మ, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పదివేలు ఏడాదిలో లక్ష దాటడం ఎక్కడైనా ఉందా అని అడిగింది. నూటికి రెండు రూపాయలంటే నెలకు 2 శాతం. నేను వేయవలసిన రేటు అదే. అలా వేస్తే 12,682 రూపాయలు వస్తాయి. బారువడ్డీ అయితే 12,400. అప్పటి నుంచి రేటు, కాలం ఒకే కొలతలో ఉన్నాయా అని చూడనిదే, జవాబు సుమారుగా ఎంత ఉండాలో ముందే పక్కన రాసుకోనిదే నేను క్యాలిక్యులేటర్ ముట్టుకోలేదు.

ఆర్థికశాస్త్రంలో ఎక్కువమంది తడబడేది డిమాండ్ తగ్గడానికీ, కొనే పరిమాణం తగ్గడానికీ ఉన్న తేడా దగ్గర. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. అప్పుడు ఫిషింగ్ హార్బరుకు వచ్చే చేపలు తగ్గుతాయి కాబట్టి సప్లయి రేఖ, అంటే ఏ ధరకు ఎంత సరుకు అమ్మకానికి వస్తుందో చూపే గీత, ఎడమకు జరిగి వంజరం ధర పెరుగుతుంది. ధర చూసి కిలో కొనేవారు అరకిలోతో సరిపెట్టుకుంటే అది అదే డిమాండ్ రేఖ (ఏ ధరకు ఎంత కొంటారో చూపే గీత) మీద పైకి కదలడమే తప్ప డిమాండ్ తగ్గడం కాదు. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో నీసు మానేస్తారు. ధర మారకపోయినా కొనుగోలు పడిపోతుంది గనుక అక్కడ డిమాండ్ రేఖే ఎడమకు జరుగుతుంది. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన గీయించిన తరువాత నా విద్యార్థులు ఈ తప్పు మళ్లీ చేయడం అరుదు.

బ్రేక్ ఈవెన్ లెక్కలు, అంటే లాభం, నష్టం లేకుండా గట్టెక్కాలంటే ఎంత అమ్మాలో తేల్చేవి, తేలికే కానీ, ప్రశ్న ఏ శాస్త్రానిదో చూసుకోవాలి. టిఫిన్ బండికి నెలకు స్థిర వ్యయం (ఎన్ని ప్లేట్లు అమ్మినా మారని ఖర్చు) 18,000, ప్లేటు ధర 40, ప్లేటుకు ఖర్చు 22 అనుకుంటే, మిగిలే 18తో భాగిస్తే నెలకు 1,000 ప్లేట్లు, అంటే రోజుకు 34 అమ్మాలి. బండి యజమాని మరొకరి దగ్గర పనిచేస్తే నెలకు 9,000 వచ్చేదనుకోండి. అకౌంటెన్సీ దానిని ఖర్చుగా రాయదు, ఆర్థికశాస్త్రం మాత్రం వదులుకున్న ఆ సంపాదనను అవకాశ వ్యయంగా కలుపుతుంది, అప్పుడు రోజుకు 50 ప్లేట్లు అమ్మాలి.