లిబ్రెఆఫీస్ కొత్తది వేయాలా, ఉన్నదే ఉంచాలా?

ప్రశ్న: మల్కాజిగిరిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఇంట్లో కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ 21 ఉంది, ప్రశ్నపత్రాలన్నీ అందులోని లిబ్రెఆఫీస్ 7.3లోనే (వర్డ్ లాంటి ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) చేసుకుంటాను. మా అబ్బాయి లాప్‌టాప్‌లో 25.8 ఉంది. "అమ్మా, నువ్వు 18 వెర్షన్లు వెనకబడ్డావు, సెక్యూరిటీ ఉండదు" అంటున్నాడు. వచ్చే వారమే పిల్లలకు పరీక్షలు, టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే మార్చేయాలా? ఇంకో సంగతి, కొన్ని పాత తెలుగు పేపర్లు తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తున్నాయి, కొత్త వెర్షన్‌లో బాగవుతాయా?

జవాబు: పరీక్షలు అయ్యేదాకా ఏదీ ముట్టుకోకండి మేడమ్. ముందు ఆ 18 లెక్క చూద్దాం. 2023 ఆగస్టులో 7.6 వచ్చాక లిబ్రెఆఫీస్ వాళ్లు నంబర్ పెట్టే పద్ధతే మార్చి, ఏడాది, నెల పెట్టడం మొదలుపెట్టారు, అందుకే తర్వాతది ఒక్కసారిగా 24.2 అయింది. ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లే వస్తాయి కాబట్టి మీ 7.3కీ అబ్బాయి 25.8కీ మధ్య తేడా 7 మెట్లే.

సెక్యూరిటీ సంగతికొస్తే, మింట్ 21ని ఉబుంటు 22.04 అనే మరో లినక్స్ మీద కట్టారు, దానికి 2027 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. బయటపడిన లోపాలకు మరమ్మతులు తెచ్చి ఆ పాత 7.3లోనే కలుపుతారు, నంబర్ అలాగే ఉంటుంది, లోపల మాత్రం సరిచేస్తారు. కాబట్టి మీరు చూడాల్సింది వెర్షన్ నంబర్ కాదు, అప్‌డేట్ మేనేజర్‌లో వచ్చినవి ఎప్పటికప్పుడు వేస్తున్నారా లేదా అన్నది. అది వాయిదా వేస్తే మాత్రం మీ అబ్బాయి భయం నిజమే.

మరి కొత్తది ఎవరికి కావాలి? బయటి నుంచి డాక్స్ (మైక్రోసాఫ్ట్ వర్డ్) ఫైళ్లు ఎక్కువగా వచ్చేవాళ్లకు. పట్టికలు, బొమ్మలు చెదరకుండా తెరవడంలో కొత్త వెర్షన్లు నిజంగానే మెరుగు. మీకూ ఆ ఇబ్బంది ఉంటే సెలవుల్లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి, లిబ్రెఆఫీస్‌లో ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా ఉండే ప్యాకేజీ) అని ఉన్నదాన్ని వేసుకోండి. మొదటిసారి డౌన్‌లోడ్ పెద్దదే, కానీ దాని సెట్టింగ్‌లు వేరే చోట ఉంటాయి, పాత 7.3 పక్కనే పనిచేస్తూ ఉంటుంది, నచ్చకపోతే తీసేయొచ్చు. వెబ్‌సైట్ నుంచి డెబ్ ఫైళ్లు (మింట్, ఉబుంటుల్లో సాఫ్ట్‌వేర్ వేసే ఫైళ్లు) తెచ్చి వేయడం నేను సలహా ఇవ్వను, ఎందుకంటే అవి వాటంతటవే అప్‌డేట్ కావు, పైగా పాతదీ కొత్తదీ ఒకే సెట్టింగ్స్ ఫోల్డర్‌ను వాడతాయి, వెనక్కి రావాలనుకున్నప్పుడు చిక్కు వస్తుంది.

ఏ వెర్షన్ వాడినా జిరాక్స్ షాపుకి పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. ఒకసారి కోఠిలో ఒక షాపుకి నేను డాక్స్ ఇచ్చి వచ్చాను, అక్కడి కంప్యూటర్‌లో నా ఫాంట్ లేదు, రెండు పేజీలది మూడు పేజీలైంది, అప్పటికే వంద కాపీలు తీసేశారు. ఆ రోజు పడ్డ బాధ మీరు పడకూడదు.

ఇక ఆ పిచ్చి గీతలు. అవి బహుశా అనూ ఫాంట్లలో డీటీపీ చేసినవి. ఆ పాత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చేవారు, యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే ఇప్పటి పద్ధతి) కాదు, అందుకే ఏ వెర్షన్ వేసినా అవి బాగుపడవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, వట్రసుడులు ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే, ఓపిక కావాలి. తర్వాత ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. లిబ్రెఆఫీస్ ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి (సీటీఎల్, తెలుగు లాంటి లిపుల అమరిక) టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి, రైటర్ (పత్రాలు టైప్ చేసే భాగం) కింద ఆ సీటీఎల్ ఫాంట్ కూడా విడిగా మార్చండి. చాలామంది పైన ఇంగ్లిష్ ఫాంట్ ఒక్కటే మార్చి, తెలుగు అక్షరం మారలేదేమిటని వెర్షన్‌ను తిడుతుంటారు.