రెండు పొయ్యిలు వెలిగితే లెక్క ఎలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మా ప్రాంతంలో అందరికీ ఆధారమైన మిల్లు మూతపడి ఏడు నెలలైంది. దూరంగా ఉన్న నగరంలో ఏడాది ఒప్పందం మీద ఉద్యోగం దొరికింది, జీతం పాతదానికంటే నలభై శాతం ఎక్కువ. ఒప్పందం ఎందుకు, నేరుగా వచ్చేస్తే పాత జీతానికి రెట్టింపు సంపాదించవచ్చని అక్కడున్న బావమరిది అంటున్నాడు. మిల్లు ఇచ్చిన పరిహారం పది నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. ఇంటి అప్పు కూడా దాదాపు అంతే మిగిలింది. తీర్చేయమంటారా? మిల్లు మళ్ళీ తెరుస్తారని కొందరంటున్నారు, ఆగమంటారా?

జవాబు: ముందు చివరి ప్రశ్న. ఆగకండి. అమెరికా రాష్ట్రాల మీద బ్లాన్‌షార్, కాట్జ్ అనే ఆర్థికవేత్తలు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. దెబ్బతిన్న చోట నిరుద్యోగం కొన్నేళ్ళకు తగ్గుతోంది కానీ, పోయిన పనులు తిరిగి రావడం వల్ల కంటే జనం తరలిపోవడం వల్లే ఎక్కువగా తగ్గుతోందని వాళ్ళు తేల్చారు. మిల్లు తెరిస్తే అప్పుడు తిరిగి రావచ్చు. అందాకా పరిహారం కరిగించుకుంటూ కూర్చోవడం మాత్రం వద్దు.

బావమరిది మాటలో ప్రేమ ఉంది కానీ లెక్క లేదు. మీ పాత జీతాన్ని 100 అనుకుందాం. ఆయన చెప్పేది 200, చేతిలో ఉన్న ఒప్పందం 140. ఆ 200 దొరికే అవకాశం సగమే అయితే దాని విలువ 100. వలస వెళ్ళేవారు జీతాన్ని, అది దొరికే అవకాశంతో హెచ్చించి చూస్తారని 1970లో హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు చెప్పిన సూత్రం ఇదే. 140 తీసుకోండి.

అయితే ఆ 140 చూసి మురిసిపోవద్దు. మీరు ఫోటో తీసి పంపిన కాగితం నా ముందుంది. పెన్సిలుతో మూడు వరుసలు: వచ్చేది, ఇంటికి పంపేది, గది అద్దె. కింద ‘ఇతరాలు’ అని రాసి ఎదురుగా ఖాళీ వదిలారు. వలస వెళ్ళే కుటుంబాల బడ్జెట్ తప్పేది ఆ ఖాళీలోనే. ఒక మనిషి వెళ్ళినంత మాత్రాన ఇంటి ఖర్చు పావు వంతు తగ్గిపోదు. కరెంటు, బడి ఫీజు, అప్పు వాయిదా ఎక్కడికీ పోవు. మీ ఇంటి ఖర్చు 80 నుంచి 70కి దిగుతుందేమో, అంతే. నగరంలో గది, తిండి, రానుపోను ఖర్చులు 45, ఇంటికి వచ్చిపోయే ప్రయాణాలు 10 వేశాను. మొత్తం 125. మిగిలేది 15. మిల్లులో ఉన్నప్పుడు మీకు నెలకు 20 మిగిలేది! జీతం పెరిగింది, మిగులు తగ్గింది. అయినా వెళ్ళమనే అంటాను, ఎందుకంటే ఇవాళ మీకు వచ్చేది సున్నా.

కుటుంబం మొత్తాన్ని ఇప్పుడే తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. మీ భార్య కుట్టుపనితో తెచ్చే 15 నేను పై లెక్కలో కలపలేదు. ఇంటిల్లిపాదీ కదిలితే ఆ ఆదాయం మొదటి రోజే ఆగిపోతుంది. కొత్త చోట ఆమెను నమ్మి బట్టలిచ్చేవాళ్ళు ఏర్పడేసరికి చాలా నెలలు పడుతుంది. ఆమె పనిని చేతిఖర్చుగా కాక రెండో జీతంగా చూడండి.

ఇక అప్పు. తీర్చేస్తే గుండె తేలికవుతుంది, నాకు తెలుసు. కానీ ఆ డబ్బంతా కొనేవాళ్ళు లేని చోట ఇంటి గోడల్లో చిక్కుకుంటుంది. పని పోయిన ప్రాంతంలో ఇంటి ధర కూడా దానితోపాటే పడిపోతుంది, ఒకే దెబ్బ మీకు రెండుసార్లు తగులుతుంది. పది నెలల సొమ్ములో ఆరు నెలలది ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉంచండి. మూడు నెలలది ఏడాది డిపాజిట్ చేయండి. మిగిలిన నెల సొమ్ము గది అడ్వాన్సుకు, మొదటి జీతం వచ్చేదాకా తిండికి, తిరుగు ప్రయాణానికి. తిరుగు ప్రయాణం అన్నందుకు నొచ్చుకోకండి. చేతిలో ఆ డబ్బు లేకనే ఎందరో అన్యాయమైన పనిలో నోరు మూసుకుని ఉండిపోతున్నారు.

ఒప్పందం పొడిగిస్తే అప్పుడు ఇల్లు అమ్మే మాట ఆలోచించండి. ఆ రోజు మీరు కొన్న ధరను మరిచిపోవాలి. పాత ధర వస్తుందని ఏళ్ళ తరబడి ఖాళీ ఇంటికి వాయిదా కట్టడం కంటే నష్టానికి అమ్మడమే మేలు.

మిల్లుతోపాటే మీ ఆరోగ్య బీమా కూడా ఆగిపోయి ఉంటుంది. కొత్త యాజమాన్యం ఇచ్చే బీమా మీ ఒక్కరికా, కుటుంబానికా, ఏ రోజు నుంచి అని రాతపూర్వకంగా అడగండి. మధ్యలో ఖాళీ ఉంటే బయలుదేరేలోపే సొంతంగా తీసుకోండి. తర్వాత ఆ కాగితం ముందేసుకుని మీరిద్దరూ కూర్చుని ‘ఇతరాలు’ నింపండి. బీమా ప్రీమియం, పిల్లల జ్వరాలు, పండుగలు, ఫోను అన్నీ రాయండి. ఆ అంకె 15 దాటితే జీతం సంగతి ఒప్పందం మీద సంతకం చేయకముందే మాట్లాడండి.