నమాజు చదివే కొడుకు, తొందరపెడుతున్న నిఖా

“మా అబ్బాయికి 26 ఏళ్లు. ఐదు పూటలా నమాజు చదువుతాడు. పెళ్లి మాట ఎత్తితే, తన మనసు మగవాళ్ల మీదికే పోతుందని ఏడ్చాడు. వాడింకా ముస్లిమేనా? నిఖా చేస్తే మారతాడని వాళ్ల నాన్న అంటున్నారు.” — కర్నూలు నుంచి ఒక తల్లి.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు మీరు భయపడుతున్నంత కఠినమైన జవాబు మీ సంప్రదాయంలో లేదు. పురుషుల మధ్య లైంగిక సంబంధం హరామ్ (నిషిద్ధం) అని సున్నీల నాలుగు మజ్‌హబ్‌లూ (ధర్మశాస్త్ర శాఖలూ), షియా ధర్మశాస్త్రమూ చెబుతున్నాయి. లూత్ ప్రవక్త జాతి గురించిన ఖురాన్ ఆయతులు (వాక్యాలు) అందుకు ప్రధాన ఆధారం. ఈ సంగతిని మీకు మెత్తగా చేసి చెప్పడం నిజాయితీ కాదు. అయితే మనసులో పుట్టే ఆకర్షణ వేరు, చేసే పని వేరు అని ఆలిముల్లోనే (మత పండితుల్లోనే) చాలామంది అంటారు. పెద్ద పాపం చేసినవాడు కూడా, దాన్ని హలాల్ అని వాదించనంత వరకు, ఇస్లాంకు వెలుపలివాడు కాడన్నది సున్నీ విశ్వాసంలో స్థిరపడిన మాట. శిక్ష విషయంలోనూ ఇమాములు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ నాలుగు శాఖల్లో ఒకటైన హనఫీ శాఖకు మూలపురుషుడైన అబూ హనీఫా దీన్ని వ్యభిచారానికి విధించిన శిక్ష కిందికి తేలేదు.

వేరే దారిలో ఆలోచించేవారు తక్కువమందే అయినా ఉన్నారు. లూత్ జాతి నేరం ఆయన ఇంటికి వచ్చిన అతిథులపై బలాత్కారానికి తెగబడటమే గాని పరస్పర అనురాగం కాదని స్కాట్ కూగల్ అనే పండితుడు వాదించారు. ఆ వాదాన్ని అత్యధిక ఆలిములు ఒప్పుకోరు. మీ అబ్బాయి ఇలాంటివి చదివే ఉంటాడు, కాబట్టి వాటి పేరు వినగానే మండిపడకండి.

నిఖా సంగతికి వస్తే నా అభిప్రాయం గట్టిది: వద్దు. తాను స్వలింగ సంపర్కుడినని బాహాటంగా చెప్పిన దక్షిణాఫ్రికా ఇమాము ముహ్సిన్ హెండ్రిక్స్‌కు కూడా అంతకుముందు ఒక స్త్రీతో పెళ్లయింది, పిల్లలు పుట్టారు, చివరికి విడాకులయ్యాయి. (2025 ఫిబ్రవరిలో ఆయనను కాల్చి చంపారు, మీ అబ్బాయి మీకు చెప్పడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో దీన్నిబట్టి ఊహించండి.) విషయం దాచి చేసే నిఖాలో, ఏమీ తెలియకుండా “ఖబూల్” చెప్పే ఆ అమ్మాయికి జరిగే అన్యాయాన్ని మీ వారికి ముందుగా చెప్పండి. మగవాళ్ల మీదికి మనసు పోవడం జబ్బు కాదు. “మార్చే చికిత్స” చేయడం వైద్యుల దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. 2018 నుంచి ఇద్దరు పెద్దలు ఇష్టపడి పెట్టుకునే ఇలాంటి సంబంధం మన చట్టంలో నేరమూ కాదు.

ముఫ్తీగారిని అడగదలిస్తే పేరు చెప్పకుండా, అదీ అబ్బాయి ఒప్పుకున్నాకే అడగండి. వాడి నోట చావు మాట వస్తే మాత్రం ఎవరి అభిప్రాయం కోసమూ ఆగకుండా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.