లైట్లు ఆర్పని ఆట

ప్ర: మేము డల్లాస్ దగ్గర ఉంటాం. బాబుకి ఐదేళ్లు, మూడో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు తక్కువే గానీ ఇంట్లో టీవీలో కార్టూన్ సినిమా పెడితే కదలడు, డైలాగులు కూడా అప్పజెబుతాడు. పోయినేడు హాలుకి తీసుకెళ్తే లైట్లు ఆరి సౌండ్ మొదలవగానే చెవులు మూసుకుని ఒకటే ఏడుపు, పది నిమిషాల్లో బయటికి వచ్చేశాం. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఇక్కడ వెలుతురు, చప్పుడు పడని ఇలాంటి పిల్లల కోసం సెన్సరీ ఫ్రెండ్లీ షోలు వేస్తారని థెరపిస్ట్ చెప్పింది. మా వారేమో "మళ్లీ ఎందుకీ టెన్షన్, ఇంట్లో చూస్తున్నాడుగా" అంటున్నారు. ఇండియా నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు, ఆవిడనీ తీసుకెళ్లాలా?
– ఒక తల్లి, టెక్సస్

జ: తీసుకెళ్లండమ్మా. కాకపోతే ఆ షోలో ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి, ఎందుకంటే ఆటిజం ఉన్న పిల్లల కోసం వేసినంత మాత్రాన అది ప్రతి పిల్లకీ సరిపడుతుందని లేదు.

ఈ షోలు మొదలైంది 2007లో, మేరీలాండ్‌లోని కొలంబియాలో. ఒకావిడ తన కూతుర్ని సినిమాకి తీసుకెళ్తే, పాటలకి ఆ పిల్ల హుషారుగా లేచి చేతులు ఆడిస్తూ గెంతింది. చుట్టూ ఉన్నవాళ్లు గొడవ చేశారు, బయటికి వెళ్లమన్నారు. ఆవిడ ఊరుకోలేదు. తన దగ్గర్లోని ఏఎంసీ (అమెరికాలో సినిమా హాళ్ల పెద్ద కంపెనీ) హాలు వాళ్లని ఇలాంటి పిల్లలకి విడిగా ఒక ఆట వేస్తారా అని అడిగింది. వేశారు, మొదటిసారే 300 మందికి పైగా వచ్చారు. ఆ తర్వాత ఏఎంసీ వాళ్లు ఆటిజం సొసైటీ అనే అక్కడి సంస్థతో కలిసి చాలా ఊళ్లలో పెట్టారు, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరిగినా గెంతినా అరిచినా పాడినా ఎవరూ ఏమీ అనరు.

ఆ చివరి మాటే తల్లిదండ్రులు సరిగ్గా ఆలోచించరు. మీ వాడు అరవచ్చు అంటే పక్కవాళ్ల పిల్లలూ అరవచ్చు అనే కదా. స్పీకర్ల మోత తగ్గుతుంది, పిల్లల మోత పెరుగుతుంది. పుట్టినరోజు పార్టీల్లో పక్క పిల్లాడు ఏడిస్తే మీ బాబు ఏం చేస్తాడు? అది పడదనుకుంటే మాత్రం సెన్సరీ షో వద్దు, సినిమా వచ్చిన మూడో వారంలో, మంగళవారం మధ్యాహ్నం, ఖాళీ హాల్లో మామూలు ఆటే నయం, చెవులకి చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్స్ పెట్టి. మీరు రాసినదాన్ని బట్టి మీవాడు చీకటికీ స్పీకర్లకీ బెదిరినట్టుంది, కాబట్టి ముందు సెన్సరీ షోనే ప్రయత్నించండి. రోజూ ఉండవు, నెలలో ఏ రోజుల్లో ఉందో హాలు వాళ్ల యాప్‌లో చూసుకోండి. ట్రైలర్లు వేస్తారా, ఇంటి తిండి తేనిస్తారా అన్నది ఒక్కో హాల్లో ఒక్కోలా ఉంటుంది, ఫోన్ చేసి అడగండి.

ఇంకో సంగతి. మాకు సినిమా ఎప్పుడూ సమస్య కాలేదు, దాని చుట్టూ ఉన్నవే. మా అమ్మాయికీ ఆటిజమే, ఇప్పుడు పదహారేళ్లు, దానికి ఆరేళ్లప్పుడు న్యూజెర్సీలో ఇలాంటి షోకే వెళ్లి, గంటసేపు బుద్ధిగా కూర్చుని, రెస్ట్‌రూమ్‌కి తీసుకెళ్తే పక్కనావిడ చేతులు ఆరబెట్టుకునే మిషన్ కింద చెయ్యి పెట్టింది. అంతే. ఆ బుయ్యిమనే చప్పుడుకి పిల్ల నేల మీద పడిపోయి అరుపులు, మళ్లీ హాల్లోకి రాలేదు, ఆర్నెల్లపాటు బయట ఏ రెస్ట్‌రూమ్‌లోనూ అడుగు పెట్టలేదు. ఇంటి దగ్గరే అన్నీ కానిచ్చి బయల్దేరండి. తప్పకపోతే విడిగా ఉండే ఫ్యామిలీ రెస్ట్‌రూమ్‌కి వెళ్లండి, పిల్లాడు కూర్చుని ఉండగానే దానంతటదే ఫ్లష్ అయ్యే టాయిలెట్ అయితే ఆ సెన్సర్ కన్ను మీద స్టిక్కీ నోట్ ఒకటి అంటించండి. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఆ పసుపు కాగితాల కట్ట ఇప్పటికీ ఉంటుంది.

సీటు కూడా అంతే. మడత సీటు అయితే బరువు చాలని పిల్లల్ని కాళ్లతో సహా లోపలికి మడిచేస్తుంది, మీరో, మీ బ్యాగో దాని మీద బరువుగా ఉండాలి. నడవ పక్కన, తలుపుకి దగ్గరగా తీసుకోండి. వెళ్లే ముందు వారం రోజులు హాలు గుమ్మం, టికెట్, సీటు, తెర ఫొటోలు వరసగా చూపించండి, ఒకరోజు ఊరికే లాబీ దాకా వెళ్లి పాప్‌కార్న్ వాసన చూసి వచ్చేయండి.

మీ వారికి ఒక పని అప్పజెప్పండి: బాబు లేస్తే బయటికి తీసుకెళ్లేది ఆయనే అని ఇంట్లోనే ఖాయం చేసుకోండి. హాల్లో "నువ్వు వెళ్లు, నువ్వు వెళ్లు" అని గుసగుసలాడుకుంటే పిల్లాడి కంటే మీరే ముందు అలసిపోతారు.

అత్తగారిని తప్పకుండా తీసుకెళ్లండి. "వాడు అరిస్తే ష్ అనకండి అత్తయ్యా, వాడి నోరు మూయకండి, అక్కడ అందరూ అంతే" అని ముందే చెప్పండి. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్తే సినిమా చూడలేదు, ఆ పిల్లల్నే చూస్తూ కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు కార్లో "ఇంతమంది ఉన్నారే తల్లీ" అంది. ఆ తర్వాత మా అమ్మాయికి ఎవరిదో దిష్టి తగిలిందని ఎప్పుడూ అనలేదు.

ప్ర: మాది విజయవాడ. పాపకి ఆరేళ్లు, ఆటిజం. మా ఊళ్లో ఇలాంటి షోలు లేవు. ఇంట్లో చేసిన జంతికలు తప్ప ఏదీ తినదు, హాల్లోకి అవి తేనివ్వరు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి

జ: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది, కానీ 2024 మార్చిలో కేంద్రం సినిమా హాళ్లకి ఇచ్చిన మార్గదర్శకాలు వినికిడి, చూపు సమస్యలున్నవాళ్ల కోసం. మన పిల్లల సంగతి అందులో లేదు. కాబట్టి మనమే అడగాలి. పాప వెళ్లే థెరపీ సెంటర్లో పదీ పదిహేను కుటుంబాలు కలిస్తే, మల్టీప్లెక్స్‌లో చిన్న స్క్రీన్ ఒకటి మొత్తంగా మాట్లాడుకోవచ్చు, పుట్టినరోజులకి ఇస్తున్నారుగా. లైట్లు కొంచెం ఉంచమని, సౌండ్ తగ్గించమని, ఇంటర్వెల్‌లో యాడ్స్ ఆపమని రాసి ఇవ్వండి.

అంతమంది దొరక్కపోతే మామూలు రోజున పొద్దుటి ఆటకి, పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లండి. సిగరెట్ తాగొద్దనే యాడ్‌లో ఆ దగ్గులూ, చెవులు పగిలే ట్రైలర్లూ తప్పుతాయి. మొదటిసారి పిల్లల యానిమేషన్ సినిమా చాలు, మన హీరోల రెండున్నర గంటల సినిమా, అదీ రిలీజ్ రోజున ఈలల మధ్య, వద్దే వద్దు.

జంతికల సంగతికొస్తే, 2023 జనవరిలో సుప్రీంకోర్టు బయటి తిండిని ఆపే హక్కు హాలు వాళ్లకి ఉందని చెప్పింది, మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లలకి తల్లిదండ్రులు తెచ్చుకునే తిండికి అడ్డు చెప్పకూడదనీ కూడా అంది. మీ పాప పసిపిల్ల కాదు కాబట్టి గేటు దగ్గర ఆ తీర్పు చూపించి వాదించినా లాభం ఉండకపోవచ్చు. ముందురోజు మేనేజర్ని కలిసి యూడీఐడీ కార్డూ (వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) డాక్టరు చీటీ చూపించండి. గేటు దగ్గర కుర్రాడికి అధికారం ఉండదు, మేనేజర్‌కి ఉంటుంది.

ప్ర: సగంలో లేచి వచ్చేస్తే టికెట్ డబ్బులు దండగే కదా?
– మరో పాఠకురాలు

జ: దండగే. అందుకే తక్కువ రేటున్న ఆటకి వెళ్లండి. మూడు సినిమాల క్లైమాక్సులు నాకు ఈ రోజుకీ తెలీవు, టీవీలో వస్తే చూడొచ్చులే అనుకున్నాను, అదీ చూడలేదు.